గోల అన్న నోటితోనే హోరు అనొచ్చా?

ప్రశ్న:

పద్దెనిమిదేళ్ల కిందట వరంగల్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతుండగా నా హాస్టల్ రూమ్మేట్ ఒక రాత్రి 'పల్స్ డీమన్' అనే ఆల్బమ్ పెట్టాడు. మెర్జ్‌బౌ అనే జపాన్ కళాకారుడిది. హార్ష్ నాయిస్ అంటారట. రాగం లేదు, తాళం లేదు, మాట లేదు. కంప్యూటర్ స్పీకర్లలోంచి గంటకు పైగా ఒకటే గోల. కారిడార్‌లో ఉన్నవాళ్లందరినీ పిలిచి వాడి ముందే వెక్కిరించాను. అంతటితో ఆగక కాలేజీ మ్యాగజైన్‌లో 'చెవిలో డ్రిల్లింగ్ మెషిన్' అని వ్యాసం రాశాను. ఇది ఎవడైనా చేయగలడు, ఇది ఒట్టి కోపం, ఆయన ఆల్బమ్ అట్టల మీది బొమ్మలు చూస్తే ఆడవాళ్లంటే గౌరవం లేని మనిషిలా ఉన్నాడు అని మూడు మాటలన్నాను. వ్యాసం బాగా పేలింది. రూమ్మేట్ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ ఏ పాటా పెట్టలేదు.

ఇప్పుడు పదకొండేళ్లుగా సంగారెడ్డి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. కిందటి నెల నైట్ షిఫ్ట్ ముగించుకుని కంపెనీ బస్సులో వస్తుంటే ఎందుకో ఆ ఆల్బమ్ గుర్తొచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో పెట్టాను. ఆపలేకపోయాను. ఇల్లు చేరాక కూడా విన్నాను. ఇంట్లో స్పీకర్ మీద పెడితే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "మన గ్రైండర్ బేరింగ్ పోయినప్పుడు ఇలాగే అరిచింది" అని నవ్వి వెళ్లిపోయింది. అప్పుడు నేను తప్పా? లేక ఇప్పుడు నన్ను నేను మోసం చేసుకుంటున్నానా? వాడు పుణెలో ఉంటాడు, పండక్కి వరంగల్ వస్తుంటాడు. వాడికి ఏమైనా రాయాలా?

సమాధానం:

ముందు నా సంగతి చెప్పేస్తాను, మీకు కాస్త తేలిగ్గా ఉంటుంది. ఇదే ఆల్బమ్‌ని ఒక స్నేహితుడు నాకు సీడీలో రాసిచ్చాడు. ఇంటికొచ్చి పెట్టి, అర నిమిషం విని ఫోన్ చేశాను. "సీడీ సరిగ్గా రైట్ అయినట్టు లేదు, మళ్లీ రాసివ్వరా" అన్నాను. వాడు మారు మాట్లాడకుండా ఇంకోటి రాసిచ్చాడు. అదీ అంతే. మూడోది అడగడానికి నోరు తెరిచాక గానీ నాకు వెలగలేదు. మీరు కనీసం గంటసేపు విని వెక్కిరించారు. నేను వినకుండానే సీడీ ప్లేయర్‌ని అనుమానించాను. కాబట్టి ఈ విషయంలో మిమ్మల్ని బోనులో నిలబెట్టే అర్హత నాకు లేదు.

మీ ప్రశ్నలో 'అప్పుడు తప్పా, ఇప్పుడు తప్పా' అన్నారు. రెండుసార్లూ విన్నది ఒకే శబ్దం అయితేనే ఆ ప్రశ్నకు అర్థం. కాదేమోనని నా అనుమానం.

ఆ రోజుల్లో హాస్టల్ కంప్యూటర్లకు ఉండే స్పీకర్లు గుర్తు చేసుకోండి. అరచేతంత డబ్బాలు. వాటిలో కింది స్వరాలు పలికేవి కావు. పైగా పాటలు చాలావరకు 128 కేబీపీఎస్ ఎంపీ3లు, అంటే బాగా కుదించిన ఫైళ్లు. ఎంపీ3 పనిచేసే తీరు మీకు తెలిసే ఉంటుంది. ఒక పెద్ద శబ్దం చాటున చెవికి ఆనని చిన్న శబ్దాలను పారేసి ఫైల్‌ని కుదిస్తుంది. పాటకు అది బాగానే సరిపోతుంది. గొంతు ఒకచోట, వీణ ఒకచోట, మధ్యలో ఖాళీ ఉంటాయి కాబట్టి ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోగలదు. మెర్జ్‌బౌ శబ్దంలో ఖాళీ అన్నదే లేదు. కింది నుంచి పైదాకా అన్ని స్వరాలూ ఒకేసారి మోగుతుంటాయి. ఎంపీ3కి ఇంతకంటే కష్టమైన సరుకు లేదు. ఫైల్‌ని అంతగా కుదిస్తే అది నీళ్లలో మునిగినట్టు, రేకు చుట్టినట్టు వికారంగా తయారవుతుంది. దానికి తోడు మీ డబ్బా స్పీకర్లు. అడుగున నడిచే పెద్ద దడదడ మొత్తం పోయి, మధ్యలో కీచుమనేది మాత్రం మిగిలి ఉంటుంది. అంటే ఆ రాత్రి మీరు విన్నది నిజంగానే డ్రిల్లింగ్ మెషిన్. మీరు విన్నదాన్ని విన్నట్టే రాశారు.

ఇది సగం సంగతి. మిగతా సగం మీరు పరిచయం కోసం యథాలాపంగా రాసిన వాక్యంలో ఉంది. పదకొండేళ్లుగా మెయింటెనెన్స్.

బేరింగ్ ఆరోగ్యం చూడటానికి పాత మెకానిక్‌లు ఏం చేస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటారు. గదిలో ఎంత మోత ఉన్నా ఆ ఒక్క బేరింగ్ లోపలి సంగతి చెవిలోకి వస్తుంది. పంపులో కావిటేషన్, అంటే ద్రవంలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం, మొదలైతే గొట్టంలో గులకరాళ్లు దొర్లినట్టుంటుంది. కంప్రెసర్ సర్జ్‌లోకి వెళ్తే, అంటే లోపలి గాలి వెనక్కి తన్నితే, ఊపిరాడని జంతువులా గుప్పు గుప్పుమంటుంది. ఇవన్నీ మీరు పుస్తకంలో చదివి గుర్తుపట్టడం లేదు. మోతలో మోతను విడదీయడం మీ ఉద్యోగం. పదకొండేళ్లపాటు షిఫ్టుకు షిఫ్టు సాధన చేశారు. సంగీత విద్యార్థులు అంతసేపు తంబురా దగ్గర కూర్చోరు.

ఇక మెర్జ్‌బౌ, అంటే మసామి అకితా, ఏం చేస్తాడో చూడండి. పాత ఇనుప రేకులు, స్ప్రింగులు, డబ్బాలు తీసుకుని వాటికి కాంటాక్ట్ మైకు అతికిస్తాడు. మామూలు మైకు గాలిలోని శబ్దాన్ని పట్టుకుంటే ఇది వస్తువు ఒంట్లోని వణుకును పట్టుకుంటుంది. మీ స్క్రూడ్రైవర్ చేసే పనే. ఆ వణుకును గిటార్ వాళ్లు శబ్దాన్ని కావాలని గరుకుగా చేయడానికి వాడే డిస్టార్షన్ పెడల్స్ గుండా పంపి, అక్కడ తల తెగిన ఆ తరంగాన్ని మిక్సర్‌లోకి తెచ్చి, మిక్సర్ నుంచి బయటికొచ్చినదాన్ని మళ్లీ దాని లోపలికే పంపుతాడు. ఫీడ్‌బ్యాక్ అన్నమాట. పెళ్లి పందిట్లో మైకు స్పీకర్‌కి దగ్గరగా వెళ్లగానే కుయ్యిమంటుందే, అదే. పందిట్లో మనం చెవులు మూసుకుంటాం. ఈయన ఆ కుయ్యిమనే దాన్ని పట్టుకుని, కొద్దిగా వంచి, ఇంకోదానితో ఢీకొట్టిస్తాడు. అందులో ఏ మీట కొంచెం తిప్పినా మొత్తం మారిపోతుంది. కాబట్టి చేతికి చెవి, చెవికి చెయ్యి కాపలా కాయాలి.

కంపెనీ బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు మీ చెవి తన అలవాటు పని మొదలుపెట్టిందని నా లెక్క. ఏది మోటారు, ఏది బెల్టు, ఏది లీకు అని. ఈసారి ఒక్కటే తేడా. ఏదీ రిపేరు చేయనక్కర్లేదు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. ఇంగ్లీషు వాళ్లు ఈ సంగీతానికి నాయిస్ అన్న ఒక్క మాట పెట్టుకుంటే మనకు ఒక సంచెడు ఉన్నాయి. తేనెటీగలది రొద. బండి చక్రాలది, డప్పులది మోత. గాలివానదీ సముద్రానిదీ హోరు. సంతలోదీ బస్టాండులోదీ రణగొణ ధ్వని. పిల్లలది గోల. దేనికి ఏ మాట వాడతామో చూడండి. గోల అనాలంటే అక్కడ ఎవరో ఉండాలి. ఎవరో ఏదో అంటున్నారు, మనకు అర్థం కావడం లేదు, విసుగొస్తోంది, నోరు మూయమంటున్నాం. హోరు దగ్గర ఆ బాధ లేదు. సముద్రం ముందు నిలబడి 'ఏమంటోంది?' అని అడిగేవాడు ఉండడు. అడగకుండానే గంటసేపు నిలబడతాడు.

ఇరవై ఏళ్ల వయసులో మీరు దాన్ని గోలగా విన్నారు. పాట ఎక్కడో లోపల ఉంది, ఈయన దాన్ని పాడుచేస్తున్నాడు అన్న లెక్కలో విన్నారు. ఇప్పుడు హోరుగా వింటున్నారు. రాగం కోసం వెతకడం మానేశారు. నన్నడిగితే మార్పు మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. మార్పు అంటే మొన్నటిది అబద్ధమని కాదు. నట్టింట్లో పిల్లల గోల గోలే. అదే బడి గోడ అవతల నుంచి, సాయంత్రం పూట, దూరంగా వినిపిస్తే దానికి ఇంకో పేరు పెడతాం.

ఇంతకీ మనవాళ్లు కూడా రొదను సంగీతం లోంచి పూర్తిగా గెంటేయలేదు. తంబురా తీగ కింద నూలుపోగు సర్ది జీవ పెట్టేది ఎందుకు? తీగ శుద్ధంగా, నున్నగా మోగితే చాలదని. జుమ్మని కొద్దిగా గీరుకోవాలి. ఆ గీరుడులోంచే పైస్వరాలు లేస్తాయి. అకితా ఆ జీవను మాత్రమే ఉంచి తీగను తీసేశాడని అనొచ్చేమో. (ఈ పోలిక ఒక సంగీత విద్వాంసుడి ముందు చెప్పి చీవాట్లు తిన్నాను. అయినా వదులుకోను.)

ఇక మీ వ్యాసంలోని మూడు మాటలకు వస్తాను. మూడింటినీ ఒకే గాట కట్టి వెనక్కి తీసుకోవద్దు. ఒక్కోదాని కథ ఒక్కోలా ఉంది.

'ఎవడైనా చేయగలడు.' ఇది నిజం, ఆ నిజం ఆయనకు మీకంటే ముందే తెలుసు. అకితా 1956లో టోక్యోలో పుట్టాడు. కుర్రాడిగా రాక్ బ్యాండ్లలో డ్రమ్స్ వాయించాడు. తమగావా విశ్వవిద్యాలయంలో చిత్రకళ, కళా సిద్ధాంతాలు చదివాడు. 1979లో మెర్జ్‌బౌ మొదలుపెట్టాడు. ఆ పేరు జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ నుంచి వచ్చింది. ష్విట్టర్స్ ఒక ప్రకటన కాగితాన్ని చించి బొమ్మలో అతికిస్తే, బ్యాంకు పేరులోని 'కొమెర్జ్' అన్న మాటలో 'మెర్జ్' అన్న ముక్క మిగిలింది. అర్థం లేని ఆ ముక్కనే తన కళకు పేరుగా పెట్టుకున్నాడు. హనోవర్‌లో తానుండే ఇంట్లో, పారేసిన చెక్కలు, కాగితాలు, దొరికిన తుక్కుతో గదులకు గదులే నిండిపోయేలా ఒక కట్టడం కట్టుకుంటూ పోయాడు. దాని పేరు మెర్జ్‌బౌ. నాజీల కాలంలో 1937లో దేశం వదిలి నార్వే వెళ్లిపోయాడు. 1943లో పడిన బాంబుల్లో ఆ ఇల్లు, ఆ కట్టడం రెండూ పోయాయి.

అకితా తీసుకున్నది ఆ పేరునే. శబ్దాల్లో ఎవరూ ఏరుకోని తుక్కు ఉంటుంది కదా, దానితో కట్టడం ఆయన పని. మొదట్లో ఖరీదైన సామాన్లేమీ లేవు. ఇంట్లోనే రికార్డు చేసి, క్యాసెట్లకు ఎక్కించి, దేశదేశాల్లో తనలాంటివాళ్లకు పోస్టులో పంపేవాడు. వాళ్లూ తమవి పంపేవారు. కాబట్టి 'ఎవడైనా చేయగలడు' అన్నది ఆయన పనికి నింద కాదు, దాని తలుపు. మీరు ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. ఒక రేకు డబ్బా, వణుకును కరెంటుగా మార్చే పీజో డిస్క్, సెకండ్‌హ్యాండ్ డిస్టార్షన్ పెడల్ చాలు. మీ చేతిలో ఎలాగూ సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది. మొదటి ఐదు నిమిషాలు అద్భుతంగా ఉంటుంది. పదో నిమిషానికి ఇప్పుడేం చేయాలో తోచదు. ఆయన నలభై ఏళ్లు దాటినా ఆ పదో నిమిషంలోనే ఉన్నాడు. విడుదలలు నాలుగు వందలు ఎప్పుడో దాటాయి. 2000లో ఒక ఆస్ట్రేలియా రికార్డుల కంపెనీ ఆయన పెట్టె ఒకటి తెచ్చింది, 'మెర్జ్‌బాక్స్' అని. అందులో 50 సీడీలు. అంతా వినమని మీకు చెప్పను. నేను వినలేదు. అన్నీ విన్నామని చెప్పేవాళ్లను కొంచెం అనుమానించండి కూడా.

'ఒట్టి కోపం.' ఇది మాత్రం మీరు తప్పు. అయితే అందరూ చేసే తప్పే. శబ్దం పెద్దదైతే మనిషి కోపంగా ఉన్నాడనుకుంటాం, ఎందుకంటే ఇంట్లో గొంతు పెద్దదయ్యేది కోపంలోనే. 'పల్స్ డీమన్' 1996లో వచ్చింది. దాని మొదటి ట్రాక్ పేరు చూశారా అప్పుడు? 'వుడ్‌పెకర్ నంబర్ 1'. వడ్రంగిపిట్ట. రెండోది 'వుడ్‌పెకర్ నంబర్ 2'. నేను కూడా చాలా ఏళ్ల తర్వాతే గమనించాను. పేరు చదివాక విన్నప్పుడు, టకటకా పొడుస్తూ పోయే ఆ తీరు నాకు చెట్టు మీద పిట్టలాగే తోచింది. పేరు తెలిసి విన్న ప్రభావం కొంత ఉందేమో, ఒప్పుకుంటాను.

తర్వాతి సంవత్సరాల్లో ఆ పిట్ట ఇంకా పెద్దదైంది. 2000 దాకా వచ్చేసరికి అకితా లాప్‌టాప్ మీదకు మారాడు. ఆ కాలంలోనే మాంసం మానేశాడు. ఇంట్లో కోళ్లు పెంచుకున్నాడు. టోక్యో దగ్గర ఎనోషిమా అక్వేరియంలో మినాజో అనే ఏనుగు సీల్ ఉండేది. అది 2005లో చనిపోతే మరుసటి ఏడు దాని పేరుతో ఆల్బమ్ చేశాడు. తిమింగలాల వేట మీద ఒకటి, డాల్ఫిన్ల వేట మీద ఒకటి చేశాడు. 2009లో జపాన్ పక్షుల పేరిట పదమూడు ఆల్బమ్‌లు, నెలకొకటి చొప్పున మొదలుపెట్టాడు. వాటిలో మొదటిది 'సుజుమే'. పిచ్చుక. కుర్రతనంలో వదిలేసిన డ్రమ్స్ ముందు మళ్లీ కూర్చుని స్వయంగా వాయించాడు. అంత హోరుకు పిచ్చుక పేరేమిటని నవ్వొస్తుంది కదా. తెల్లవారుజామున చింతచెట్టు కింద మంచం వేసుకుని పడుకున్నవాళ్లను అడగండి, పిచ్చుకలు మెత్తగా పాడతాయో లేదో.

2006లో వచ్చిన నాలుగు సీడీల పెట్టె పేరు 'టర్మరిక్'. పసుపు. అది చూసి ఇంత పొంగిపోవడానికి కారణం లేదు గానీ తెలుగువాణ్ని కదా, పొంగిపోయాను.

మూడో మాట దగ్గర ఆగండి. అట్టల మీది బొమ్మల గురించి మీరు రాసినది. ఇంత చదివాక, 'అయ్యో, జంతుప్రేమికుడైన మనిషిని పట్టుకుని ఏమన్నాను' అని దాన్ని కూడా కొట్టేయాలనిపిస్తుంది. కొట్టేయకండి. 1980ల్లో, 90ల్లో అకితా పనిలో మనుషుల్ని తాళ్లతో కట్టేసే దృశ్యాల మీద ఆసక్తి దండిగా ఉంది. దాని మీద వ్యాసాలు రాశాడు, ఆ ప్రదర్శనల కోసమే చేసిన సంగీతంతో 1991లో ఆల్బమ్ తెచ్చాడు. జపాన్‌లో దానికో చరిత్ర ఉంది, కళాచరిత్ర చదివినవాడిగా ఆయన దాన్ని చూసిన తీరు వేరు అని వాదించేవాళ్లున్నారు. వాదన వినదగ్గదే. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ బొమ్మలు చూసి ఇబ్బంది పడి, ఆ ఇబ్బందిని అచ్చులో పెట్టడంలో తప్పేముంది? 'గౌరవం లేని మనిషి' అని మనిషి మీదకు వెళ్లారు చూశారా, ఆ ఒక్క అడుగు వెనక్కి వేయండి. బొమ్మల గురించి అన్నది ఉండనివ్వండి. ఆ తర్వాత కోళ్లను పెంచాడని ముందటి అట్టలు వాటంతటవే బాగుపడవు. మెచ్చుకోవడం మొదలుపెట్టగానే పాత అభ్యంతరాలన్నీ మడిచి అటకెక్కించేస్తాం మనం. తిట్టేటప్పుడు ఎంత ఊపులో ఉన్నామో పొగిడేటప్పుడూ అంతే ఊపులో ఉంటాం.

ఇక మోసం సంగతి. 'ఇప్పుడు నాకు నచ్చుతోంది' అన్నది నిజమా, లేక నలభైకి దగ్గరపడుతున్నప్పుడు మనకు పట్టుకునే 'కుర్రప్పుడు నాకు తెలియలేదు' అనే సరదానా? తేల్చుకునే ఉపాయం ఒకటి చెబుతాను, నా మీద నేను ప్రయోగించుకున్నదే. 'పల్స్ డీమన్' పక్కన ఇంకో రెండు పెట్టుకోండి. 2002 నాటి 'మెర్జ్‌బీట్', 2005 నాటి 'మెర్జ్‌బుద్ధ'. మొదటిదాంట్లో దరువు ఉంటుంది, తిరిగి తిరిగి వస్తుంది. రెండోది అడుగున మెల్లగా నడిచే బరువైన శబ్దం. వీటిలో ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో రాసుకోండి. మెర్జ్‌బౌలోనే మీకు నచ్చనిది ఒకటి కనబడిందా, మీరు నిజంగా వింటున్నట్టే. అన్నీ ఒకేలా గొప్పగా అనిపిస్తే మాత్రం కొన్నాళ్లు ఆపి చూడండి. నాకైతే లాప్‌టాప్ కాలంలోవి కొన్ని పొడిగా, ఎండుగడ్డి నమిలినట్టు అనిపించాయి. ఆ సంగతి తేలిన రోజే నేను ఈయన శ్రోతనయ్యాను అనిపించింది.

ఒక జాగ్రత్త ఉంది. మిగతాది మరిచిపోయినా దీన్ని మరవద్దు. మీరు షిఫ్టంతా మోతలో ఉండి వచ్చి, బస్సులో మళ్లీ మోత పెట్టుకుంటున్నారు. చెవికి రెండింటి తేడా తెలియదు, మొత్తం కూడుకుంటుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. షిఫ్టులోనే మీ కోటా చాలా వరకు అయిపోయి ఉంటుంది. మామూలు పాటలో పల్లవికీ చరణానికీ మధ్య చెవికి కాస్త ఊపిరి ఉంటుంది. హార్ష్ నాయిస్‌లో అది లేదు, మొదటి సెకను నుంచి నిండుగా ఉంటుంది. అందుకని పాటలకు పెట్టుకునే వాల్యూమ్ కంటే బాగా తగ్గించి మొదలుపెట్టండి. బస్సు మోతను మించి వినబడాలని పెంచకండి, వీలైతే బస్సులో వినడమే మానేయండి. ప్లాంటులో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. పెట్టుకోండి. విన్నాక చెవిలో గుయ్యిమంటే అది సంగీతం మిగిల్చిన అనుభూతి కాదు, దెబ్బ. మర్నాటికి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పెద్దగా పెడితేనే దాని అసలు రూపం తెలుస్తుందని కొందరు అభిమానులు చెబుతారు. వాళ్ల చెవులు వాళ్లవి.

మీ ఆవిడ గురించి. ఆమె మాటను మీరు వెటకారంగా తీసుకున్నట్టున్నారు. నాకైతే ఈ ఆల్బమ్ మీద ఇంత సూటి వ్యాఖ్య ఎక్కడా కనబడలేదు. మీరు ఇరవై ఏళ్లప్పుడు 'డ్రిల్లింగ్ మెషిన్' అని ఒక ఉపమానం వేశారు. ఆమె ఏకంగా రోగం పేరు చెప్పింది, అదీ బేరింగ్ దాకా వెళ్లి. రోజూ గ్రైండర్ ముందు నిలబడే మనిషికి పిండి ఎప్పుడు నలిగిందో గ్రైండర్ గొంతే చెబుతుంది. ఆమె మీకంటే ముందు నుంచే ఈ రకం వినికిడిలో ఉంది. అలా అని కూర్చోబెట్టి వినిపించే ప్రయత్నం చేయకండి. పగలంతా విన్నది సాయంత్రం మళ్లీ వినాలని ఎవరికీ ఉండదు.

ఇప్పుడు మీ స్నేహితుడు. రాయండి. కాకపోతే పెద్ద క్షమాపణ పత్రం రాయకండి. పద్దెనిమిదేళ్ల తర్వాత అలాంటిది వస్తే, 'ఫర్వాలేదురా' అనే బాధ్యత వాడి నెత్తిన పడుతుంది. వాడిని నొప్పించింది మీ అభిప్రాయం కాదని నా ఊహ. రాత్రిపూట తనకిష్టమైనదాన్ని మీ ఒక్కరికే వినిపించుకోబోతే మీరు కారిడార్‌ని పిలిచారు. అభిప్రాయం మారిందని రాస్తే ఆ రాత్రి మారదు. అందుకని ఆ రాత్రి గురించి ఒక్క వాక్యం రాయండి. 'అందరినీ పిలవకుండా ఉండాల్సింది' అని. అంతే. తర్వాత వెంటనే ఆల్బమ్‌లోకి వెళ్లిపోండి. ఫలానా ట్రాక్‌లో ఫలానా చోట కావిటేషన్ మొదలైన పంపు వినబడింది, నీకేం వినబడేది అప్పట్లో అని అడగండి. ఇన్నేళ్లలో వాడిని ఆ ప్రశ్న ఎంతమంది అడిగి ఉంటారు?

వాడు ఇప్పుడు అవేవీ వినడం మానేసి ఉండొచ్చు. కీర్తనల్లోకో పాత సినిమా పాటల్లోకో వెళ్లిపోయి, 'ఆ గోల ఇంకా వింటున్నావా' అని నవ్వొచ్చు. నవ్వితే నవ్వనివ్వండి, వాడి వంతు.

మానెయ్యలేదని జవాబొస్తే మాత్రం ఒక పని చేయండి. మెర్జ్‌బౌ, బోరిస్ అనే జపాన్ రాక్ బృందం కలిసి 2016లో 'గెన్షో' అనే ఆల్బమ్ తెచ్చారు. అందులో రెండు డిస్కులు. ఒకటి బోరిస్‌ది, ఒకటి మెర్జ్‌బౌది. రెంటినీ రెండు ప్లేయర్లలో ఒకేసారి మోగించుకోవడానికి చేసినవి. బోరిస్ తన పాటల్లోంచి డ్రమ్స్ తీసేసింది, ఆ ఖాళీలోకి మెర్జ్‌బౌ వచ్చి చేరతాడు. విడివిడిగానూ వినొచ్చు. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏది ఎంత పెద్దగా ఉండాలి అన్నది వినేవాళ్ల ఇష్టం. పండక్కి వాడు వచ్చినప్పుడు ఒక స్పీకర్ మీరు తీసుకోండి, ఒకటి వాడికివ్వండి. మెర్జ్‌బౌ డిస్కు వాడిది.

ఆ రోజుకు పిండి ముందే రుబ్బేసుకోమని ఇంట్లో చెప్పండి. ఆ గ్రైండర్ బేరింగ్ కూడా ఒకసారి విప్పి చూడండి.